60 నానోసెకన్ల తప్పు

భౌతికశాస్త్రంలో కొలతంటే ఒక్క అంకెతో సరిపోదు. అది ఎంతవరకు అటూ ఇటూ కావచ్చో పక్కనే చెప్పాలి. ఒకే దాన్ని పదే పదే కొలిస్తే ఒకసారి కాస్త ఎక్కువ, ఇంకోసారి కాస్త తక్కువ వస్తుంది. ఇది యాదృచ్ఛిక దోషం. ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే తగ్గుతుంది. పరికరంలోనే లోపముంటే మాత్రం ప్రతి కొలతా ఒకే వైపు తప్పుతుంది. ఇది క్రమ దోషం. అంగుళం తెగిపోయిన టేపుతో దర్జీ వందసార్లు కొలిచినా అంగుళం తేడా అలాగే ఉంటుంది.

ఈ రెండో దోషం ఎంత మొండిదో ఒపెరా ప్రయోగం చూపించింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి బయలుదేరిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు భూమిలోంచి దూసుకుపోయి, ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింది ప్రయోగశాలకు చేరేవి. దూరం సుమారు 730 కిలోమీటర్లు, కాంతికైతే 2.4 మిల్లీసెకన్ల ప్రయాణం. న్యూట్రినోలు అంతకన్నా 60 నానోసెకన్లు ముందే వస్తున్నాయని 2011 సెప్టెంబరులో ఒపెరా బృందం ప్రకటించింది. కాంతి వేగాన్ని ఏదీ మించదన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతానికే అది సవాలు.

60 నానోసెకన్లలో కాంతి 18 మీటర్లు వెళ్తుంది. అంటే దూరం కొలతలో 18 మీటర్లు తేడా వచ్చినా ఇదే ఫలితం కనిపించేది. కొండ కింద జీపీఎస్ అందదు కాబట్టి, కొండ గుండా వెళ్లే సొరంగం రెండు చివర్లా జీపీఎస్‌తో స్థానాలు గుర్తించి, అక్కడి నుంచి లోపలికి సర్వే చేశారు. దూరంలో అనిశ్చితి 20 సెంటీమీటర్లకు మించలేదు. 2009లో లాక్విలా భూకంపం ప్రయోగశాలను 7 సెంటీమీటర్లు జరిపితే, అదీ ఆ కొలతల్లో కనబడింది. స్థానం విషయంలో వేలెత్తి చూపడానికేమీ లేదు.

లోపం కాలం దగ్గర ఉంది. బయటి జీపీఎస్ రిసీవర్ నుంచి సమయ సంకేతం 8.3 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ గుండా లోపలి గడియారానికి చేరేది. ఆ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగుసుకోలేదు. తగినంత కాంతి అందక, సంకేతాన్ని గుర్తించడానికి సర్క్యూట్‌కు సుమారు 73 నానోసెకన్లు అదనంగా పట్టింది. గడియారం ఆ మేరకు వెనకబడింది. వెనకబడిన గడియారం ప్రకారం చూస్తే ఏదైనా ముందే వచ్చినట్టుంటుంది. గడియారంలోని ఆసిలేటర్ లోపం దీనికి ఎదురు దిశలో సుమారు 15 నానోసెకన్ల తేడా తెచ్చింది. రెండూ కలిస్తే దాదాపు ఆ 60.

మూడేళ్లలో పోగైన దాదాపు 16,000 న్యూట్రినోల లెక్క ఈ తప్పును పట్టలేదు. 3 నానోసెకన్ల పొట్టి పల్స్‌లతో మళ్లీ చేసినా అదే ఫలితం వచ్చింది. కేబుల్ అదే మరి! అదే ప్రయోగశాలలోని ఎల్‌వీడీ అనే మరో డిటెక్టర్ గట్టి ఆధారం ఇచ్చింది. రెండింటి గుండా సాగిపోయిన మ్యూయాన్లనే కణాల సమయాలు పోల్చి చూస్తే, 2008 నడుమ నుంచి 2011 చివరి దాకా ఒపెరా గడియారం ఒక్కటే తేడాగా నడిచిందని తేలింది.

అనుమానానికి ముందే ఆస్కారముంది. న్యూట్రినోలకు నిజంగా అంత వేగముంటే, 1987లో కనబడిన సూపర్నోవా (నక్షత్ర విస్ఫోటం) న్యూట్రినోలు దాని కాంతి కన్నా సుమారు నాలుగేళ్లు ముందు రావాలి. అవి వచ్చింది కొన్ని గంటల ముందే. అయినా ఫలితాన్ని దాచకుండా, తప్పెక్కడుందో వెతకమని తోటి శాస్త్రవేత్తలను కోరడం ఒపెరా బృందం చేసిన సరైన పని.

2012 మే నెలలో గ్రాన్ సాసోలోని నాలుగు ప్రయోగాలు మళ్లీ కొలిచాయి. న్యూట్రినోలు కాంతి వేగాన్ని మించడం లేదని నాలుగూ తేల్చాయి.