పొగలేని వంటిల్లు: పాత పొయ్యి సంరక్షణ, కొత్త పొయ్యి ఎంపిక
బి.కొత్తకోట, మదనపల్లె ప్రాంత కుటుంబాలకు ప్రత్యేక వ్యాసం

సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున విస్తరించిన మదనపల్లె పీఠభూమిలో మార్గశిర, పుష్య మాసాలలో చలి తీవ్రంగా ఉంటుంది. బి.కొత్తకోట మండలంలోని హార్సిలీ కొండలు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నందున ఆ పరిసర గ్రామాలలో తెల్లవారుజామున పొయ్యి వెలగని ఇల్లు కనబడదు. శీతల దేశాలలో ఇంటిని వెచ్చబరచేందుకు కొలిమి వంటి యంత్రాన్ని నేలమాళిగలో అమర్చుకుంటారు. ఈ ప్రాంతంలో ఆ పని కూడా పొయ్యే చేస్తున్నది. వంట, స్నానానికి వేన్నీళ్లు, పశువులకు దాణా ఉడికించడం, చలికి కాచుకోవడం అన్నీ దానిమీదనే ఆధారపడి ఉన్నాయి. అయినప్పటికీ ఇంటిలో అత్యధికంగా ఉపయోగపడి, అత్యల్పంగా మరమ్మతుకు నోచుకునే వస్తువు కూడా పొయ్యే కావడం గమనార్హం.

వంటచెరకు పొగ వల్ల కలిగే హాని చిన్నది కాదు. ఇళ్లలోని వాయు కాలుష్యం కారణంగా 2020 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. శ్వాసకోశ వ్యాధులు, గుండెపోటు, పక్షవాతం, చిన్నపిల్లల్లో న్యుమోనియా, స్త్రీలలో కంటి శుక్లాలు దీనితో ముడిపడి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆరోగ్యశాల నెలకొన్నది. ఊపిరితిత్తుల రోగులు స్వచ్ఛమైన గాలి కోసం దూర ప్రాంతాల నుండి వచ్చిన ఈ సీమలోనే, ఇంటి ఇల్లాలు రోజుకు మూడు నాలుగు గంటలు పొగలో కూర్చుని వంట చేయవలసి రావడం విచారకరం.

పొగ తగ్గించే ప్రయత్నాలు

పొగలేని పొయ్యి ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ ఎస్.పి.రాజు సామాన్యుల వంటిళ్ల కోసం పొగగొట్టంతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఒక పుస్తకం వెలువరించారు. ఆ పరిశోధనాలయం పేరిట అది 'హెర్ల్ చుల్లా'గా దేశమంతటా ప్రసిద్ధి పొందింది. అనంతరం 1980ల తొలినాళ్లలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గ్రామీణ సాంకేతిక విభాగమైన 'అస్త్ర' మూడు కళ్ల పొయ్యిని తయారు చేసింది. 'అస్త్ర ఒలె' అన్న కన్నడ నామంతో అది పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో వ్యాప్తి చెందింది.

కేంద్ర ప్రభుత్వం 1983లో ప్రయోగాత్మకంగా ఆరంభించిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 2002 వరకు కొనసాగింది. దాని కింద దేశంలో మూడున్నర కోట్ల వరకు పొయ్యిలను నిర్మించడం జరిగింది. వాటిలో అధిక భాగం కొద్ది సంవత్సరాలకే మూలపడ్డాయి. నమూనాలో లోపం ఉన్న చోట్లు కొన్ని లేకపోలేదు. అయితే పొగగొట్టంలో మసి పేరుకుపోయి, పగుళ్లు పూడ్చేవారు లేక, చివరకు పొగ తిరిగి వంటింట్లోకే రావడంతో గృహిణులు వాటిని పగులగొట్టి మూడు రాళ్ల పొయ్యికి మరలిన సందర్భాలు అనేకం. నిర్మాణానికి ఇచ్చిన ప్రాధాన్యం సంరక్షణకు ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసుకొనుటకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ అవసరం లేదు.

కట్టెల పొయ్యి సంరక్షణ

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె నుండి పుట్టిన వేడిలో సుమారు పదవ వంతు మాత్రమే పాత్రకు అందుతుంది. మిగిలినది గాలిలో కలుస్తుంది. జాతీయ కార్యక్రమంలో స్థిర పొయ్యికి కనీసం 20 శాతం సామర్థ్యం ఉండాలని నిర్దేశించారు. అనగా సగం కట్టెలతోనే అదే వంట పూర్తి కావాలి. ఈ లాభం దక్కాలంటే పొయ్యి ఎల్లప్పుడూ తొలినాటి కొలతలలో ఉండాలి. ప్రతి పండుగకు మందంగా అలుకుతూ పోవడం వల్ల పొయ్యి నోరు, లోపలి గాలిదారి క్రమంగా ఇరుకై మంట సరిగా రాజుకోదు. పాత అలుకు పొరను గీకివేసిన తరువాతనే కొత్త పొర వేయడం మంచిది. ఎర్రమన్ను, పేడ, వరిపొట్టు కలిపి రెండు రోజులు నానబెట్టిన మిశ్రమంతో పగుళ్లు పూడ్చినట్లయితే అవి త్వరగా విచ్చుకోవు. కేవలం సిమెంటుతో పూడ్చడం సరికాదు. వేడికి మట్టి ఒక తీరుగా, సిమెంటు మరొక తీరుగా వ్యాకోచించడం వల్ల అతుకు ఊడిపోతుంది.

పొగగొట్టం పనిచేసే సూత్రం సులభమైనది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని స్థానంలోకి పొయ్యి నోటి నుండి తాజా గాలి ప్రవేశిస్తుంది. గొట్టంలో మసి పట్టి వ్యాసం తగ్గిన కొద్దీ ఈ ఈడ్పు బలహీనపడుతుంది. నిత్యం వాడే పొయ్యికి నెలకు ఒకసారైనా, పొయ్యి చల్లారిన పిదప, పొడవాటి కర్రకు గోనెపట్టా చుట్టి గొట్టాన్ని పైనుండి కిందికి శుభ్రపరచాలి. అడుగున రాలిన మసిని తీసివేయకపోతే పని సగమే అయినట్లు. బోద కప్పిన కొట్టాలలో గొట్టం కప్పును తాకకుండా చుట్టూ ఖాళీ విడిచి, రేకుతో కట్టడి చేయాలి. గొట్టంలోని మసికి నిప్పంటుకుంటే రవ్వలు నేరుగా కప్పుపై పడే ప్రమాదం ఉన్నది. మట్టి మిద్దెలలో గవాక్షిని వర్షాకాలంలో బండతో మూసి, తరువాత తెరవడం మరచిపోవడం పరిపాటి. పొగగొట్టం లేని ఇంటికి గవాక్షి ఒక్కటే ఊపిరి.

వంటచెరకు విషయంలో ఈ ప్రాంతానికి కొన్ని అనుకూలతలు ఉన్నాయి. పట్టుపురుగుల పెంపకం సాగించే రైతులకు ఆకు తీసిన మల్బరీ పుల్లలు, మెట్ట రైతులకు కంది కంప, వేరుశనగ పొట్టు, బీళ్లలో సర్కారు తుమ్మ లభిస్తున్నాయి. ఏ చెరకైనా ఎండినదై ఉండాలి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వ్యయమవుతుంది, పొగ రెట్టింపవుతుంది. వేసవిలో కొట్టి, వాన తగలని చోట గాలి ఆడేటట్లు పేర్చిన కట్టెలే శీతకాలానికి పనికివస్తాయి. పొయ్యి నోటి నిండా కట్టెలు కుక్కే అలవాటు మానుకోవలసి ఉంటుంది.

గ్యాసు వచ్చినా ఆరని పొయ్యి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మహిళా సంఘాల సభ్యుల కోసం దీపం పథకాన్ని ప్రారంభించారు. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం ఉజ్వల యోజనను ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 పథకానికి శ్రీకారం చుట్టి, అర్హత గల కుటుంబాలకు సంవత్సరానికి మూడు సిలిండర్లు ఉచితంగా అందజేయడానికి నిర్ణయించింది. ఒక్కొక్క సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. కనెక్షను లేని ఇల్లు గ్రామాలలో సైతం అరుదవుతున్నది.

అయినను కట్టెల పొయ్యి పూర్తిగా ఆరలేదు. దీనికి కేవలం ఖర్చే కారణమని భావించడం పొరపాటు. రాయలసీమ ఇంటిలో రాగి సంగటి ప్రధాన ఆహారం. పిండి వేసిన తరువాత రెండు చేతులతో బలంగా కెలకాలి. తేలికపాటి స్టీలు స్టవ్‌పై పెద్ద కుండ నిలకడగా నిలవదు, ఒరిగిన సందర్భంలో మరుగుతున్న సంగటి మీద పడుతుంది. మట్టి పొయ్యికి ఆ భయం లేదు. కావున సంగటి వండే ఇంటిలో బరువైన, వెడల్పు పాదాలు, దృఢమైన పాత్ర ఆనికలు గల స్టవ్‌ను ఎంపిక చేసుకోవడం, లేదా కుండను స్టవ్‌పై నుండి దించి నేలపై నిలిపి కెలకడం ఉత్తమం. ఈ చిన్న విషయాన్ని విస్మరించి గ్యాసు వాడకం పెరగడం లేదని ఆక్షేపించడం న్యాయం కాదు.

స్టవ్ కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పక పరిశీలించాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం గృహ వినియోగ స్టవ్ సామర్థ్యం 68 శాతానికి తగ్గరాదు. వాడకంలో ఉన్న స్టవ్ ఆరోగ్యాన్ని మంట రంగే తెలుపుతుంది. నీలి మంట మండితే సరిగా పనిచేస్తున్నట్లు. పసుపు మంట వచ్చి, గిన్నెల అడుగు మసి బారుతుంటే బర్నరు రంధ్రాలు పూడుకున్నట్లు, లేదా గాలి తగినంత చేరనట్లు గ్రహించాలి. బర్నరును ఊడదీసి వేడి సబ్బునీటిలో నానబెట్టి, కుంచెతో తోమి, పూర్తిగా ఆరబెట్టి అమర్చాలి. సూదితో పొడిచి రంధ్రాలను పెద్దవి చేయరాదు. మీట బిగుసుకుపోయినా, కట్టిన తరువాత చిరుమంట మిగిలినా మెకానిక్కు చేత బాగు చేయించాలి. అప్పటికీ లోపం తొలగకపోతే స్టవ్‌ను మార్చడమే శ్రేయస్కరం.

అత్యధికంగా అలక్ష్యానికి గురయ్యేది రబ్బరు గొట్టం. ఉక్కు తీగ అల్లికతో వచ్చే సురక్షా గొట్టాన్ని కూడా ఐదు సంవత్సరాలకు ఒకసారి మార్చాలి. పైకి బాగున్నట్లు కనిపించినా, బిగింపు వద్ద వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు బయటపడతాయి. గొట్టంపై గుడ్డ, ప్లాస్టిక్ తొడుగు చుట్టడం వల్ల పగుళ్లు కనబడకుండా పోతాయి, ఎలుక కొరికినా తెలియదు. సిలిండరును నిలువుగానే ఉంచాలి, స్టవ్ దానికంటే ఎత్తైన గట్టుపై ఉండాలి. సిలిండరు మెడ పట్టీపై ఎ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, దాని ప్రక్కన సంవత్సరం ముద్రించి ఉంటాయి. జనవరి నుండి మూడేసి నెలలకు ఒక అక్షరం చొప్పున తదుపరి పరీక్ష గడువును అది సూచిస్తుంది. గడువు దాటిన సిలిండరును ఇంటికి తెచ్చిన వ్యక్తికే తిప్పి పంపే హక్కు వినియోగదారునికి ఉన్నది.

వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైనప్పుడు నేల వెంబడి వ్యాపించి మూలలలో నిలుస్తుంది. అందువల్లనే పై కిటికీ తెరిస్తే సరిపోదు, తలుపులు కూడా తెరవాలి. వాసన పసిగట్టిన వెంటనే రెగ్యులేటరు కట్టివేయాలి. విద్యుత్ మీటలు వేయడం గాని, తీయడం గాని చేయరాదు. అతుకుల వద్ద సబ్బునురుగు పూసి బుడగల ద్వారా లీకును గుర్తించాలే తప్ప అగ్గిపుల్లతో పరీక్షించరాదు. దేశవ్యాప్త అత్యవసర సేవ 1906 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోను చేయవచ్చును.

స్నానపు నీళ్లు, చలి కుంపటి

గ్యాసు వచ్చిన ఇళ్లలో సైతం వేన్నీళ్లకు కట్టెలనే వాడటం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. నడుమ నిప్పు గొట్టం గల రాగి బాయిలరు పెరటిలో ఉన్నంతవరకు మేలైన సాధనమే. నీరు నింపకుండా రాజేస్తే మాత్రం అతుకులు విడిపోతాయి. బోరు నీటిలోని లవణాలు లోపల పొరగా పేరుకుని వేడిని అడ్డుకుంటాయి గనుక ఆ పొరను అప్పుడప్పుడు తొలగించాలి. సూర్యరశ్మితో నీటిని వేడిచేసే పరికరాలకు ఈ పీఠభూమి ఎండ ఎంతో అనుకూలం. నలుగురైదుగురు ఉన్న ఇంటికి వంద లీటర్ల పరికరం సరిపోతుంది. బోరు నీటి బాధ దానికీ తప్పదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మూసిన గదిలో బొగ్గుల కుంపటి. పొగ కనబడదు గనుక హాని లేదని పలువురు భ్రమపడుతున్నారు. బొగ్గు అరకొరగా మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. నిద్రిస్తున్నవారు నిద్రలోనే స్పృహ కోల్పోతారు. గాలి ఆడని స్నానాల గదిలో అమర్చిన గ్యాసు గీజరు విషయంలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. దానిని గది వెలుపలనే అమర్చాలి. కుంపటిని పడుకునే ముందు ఆరుబయట పెట్టి రావాలి. బాలింత, పసిబిడ్డ ఉన్న గదులలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇతర మార్గాలు

పశువులు గల కుటుంబాలకు గోబర్ గ్యాసు అనువైనది. రెండు ఘనమీటర్ల యూనిట్‌కు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే పరిమాణంలో నీరు కావాలి. మామూలు పశువులు నాలుగైదు ఉంటే సరిపోతాయి. పొట్టిదనానికి పేరొందిన పుంగనూరు ఆవులైతే సంఖ్య పెరగక తప్పదు. చలికాలంలో గ్యాసు ఉత్పత్తి తగ్గుతుందని ముందే తెలుసుకొని ఉండాలి.

ఇండక్షన్ స్టవ్ కొనదలచినవారు ముందుగా ఇంటిలోని పాత్రలను పరిశీలించాలి. అయస్కాంతం అంటుకోని అల్యూమినియం దబర, రాగి బిందె, మట్టికుండ సాధారణ ఇండక్షన్‌పై వేడెక్కవు. ఒకటి రెండు కిలోవాట్ల భారం మోసే తీగలు, ఎర్తింగు గల పెద్ద సాకెట్టు కూడా అవసరం. పాత మిద్దె ఇళ్లలో బల్బు కోసం వేసిన తీగకు దీనిని తగిలించరాదు.

కొత్త పొయ్యి తెచ్చిన తొలి వారంలో పాత పొయ్యిని పడగొట్టవలసిన పని లేదు. కొత్తదానిపై సంగటి, వేన్నీళ్లు, దాణా అన్నీ కుదురుతున్నాయో లేదో ఒక నెలపాటు గమనించి, కుదరని పనికి మాత్రం పాత పొయ్యిని వంటింటి నుండి పెరటి చూరు కిందికి మార్చి, పొగగొట్టం అమర్చుకొని వాడుకోవచ్చును.