మిన్నెసోటా చలికి హీట్ పంపా? ముందు జనవరి గ్యాస్ బిల్లు తీయండి

ఈ మధ్య మా చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఈ మాటే వస్తోంది. 2000 ప్రాంతంలో కట్టిన ఇళ్లలో ఏసీలు ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి. కొత్తది పెట్టించుకుందామని అడిగితే, హీట్ పంప్ వేసుకోండి, ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఒకటే మెషీన్ చూసుకుంటుంది అంటున్నారు. ఆ మాట విన్న పక్కింటాయన, మైనస్ ఇరవైలో అది పనిచేయదు అంటాడు. మా ఇంటికీ ఇదే ప్రశ్న వచ్చింది. ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, పదిహేనేళ్లుగా ఇల్లు చూసుకుంటున్నదాన్ని. కాగితం మీద లెక్క వేసుకుంటే గానీ నాకు నమ్మకం కుదరదు. ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. మా అంకెల బదులు మీ అంకెలు వేసుకోండి.

హీట్ పంప్ అంటే రెండు వైపులా తిప్పగలిగే ఏసీ. మే నెలలో విజయవాడలో ఏసీ వెనక నిలబడితే వేడిగాలి కొడుతుంది కదా, అది గదిలోంచి లాగి బయట పారేసిన వేడి. చలికాలంలో దాన్నే తిరగేసి, బయటి వేడిని లోపలికి తెస్తాం. "బయట గడ్డకట్టి చస్తుంటే వేడెక్కడుందే?" అని మా అత్తగారు అడిగారు. మంచి ప్రశ్నే. కొత్త మెషీన్లలో కొన్నింటిలో వాడే ఆర్-32 అనే ద్రవం మైనస్ 52 సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. మన మైనస్ 25 గాలి దానికి పొయ్యి మీద పెట్టినట్టే. ఆ గాలి తగిలి అది ఆవిరవుతుంది, ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కితే ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడి ఇంట్లోకి వస్తుంది.

అయితే చలి పెరిగేకొద్దీ కంప్రెసర్‌కి కష్టం పెరుగుతుంది. బయట 47 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఒక యూనిట్ కరెంటుకి మూడున్నర, నాలుగు యూనిట్ల వేడి ఇచ్చే మెషీన్, 5 డిగ్రీలకి వచ్చేసరికి రెండు ఇస్తే గొప్ప. ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. చలి ప్రాంతాల కోసం చేసిన మోడళ్లు సున్నా కంటే కింద కూడా నడుస్తాయి. మెయిన్ రాష్ట్రంలో 2025కల్లా లక్ష హీట్ పంపులు పెట్టించాలనుకుని 2023లోనే ఆ లెక్క దాటేశారు. మెయిన్‌లో చలి తక్కువేం కాదు. కాబట్టి పనిచేస్తుందా అన్న ప్రశ్నని పక్కన పెట్టవచ్చు. అసలు ప్రశ్న, ఇప్పుడు మీ ఇల్లు దేనితో వెచ్చబడుతోంది, దాని ధరెంత అన్నది.

ఒక థెర్మ్ గ్యాస్‌లో 29.3 యూనిట్ల వేడి ఉంటుంది. మాది 80 శాతం ఫర్నేస్, అంటే ఇంట్లోకి వచ్చేది 23.4 యూనిట్లు. మాకు థెర్మ్ సుమారు డాలర్ పడుతోంది, కరెంటు యూనిట్ 15 సెంట్లు. 23.4 యూనిట్ల వేడిని మామూలు కరెంటు హీటర్‌తో తెస్తే 3 డాలర్ల 51 సెంట్లు. అంటే హీట్ పంప్ సీఓపీ 3.5 దాటితేనే మాకు గ్యాస్ కంటే చవక. మిన్నెసోటా జనవరిలో అది కల్ల. మీది 95 శాతం ఫర్నేస్ అయితే ఆ గీత ఇంకా పైకి, 4.2కి పోతుంది.

ఇదే లెక్క ఊరికి దూరంగా, ప్రొపేన్ ట్యాంకు పెట్టుకున్న మా స్నేహితురాలి ఇంటికి వేస్తే కథ మారిపోయింది. గ్యాలన్ 2 డాలర్ల 20 సెంట్లు, 90 శాతం ఫర్నేస్. గ్యాలన్‌లో 26.8 యూనిట్ల వేడి ఉంటే ఇంట్లోకి వచ్చేది 24. తనకి సీఓపీ 1.6 దాటితే చాలు, దాదాపు చలికాలమంతా లాభమే. బేస్‌బోర్డు కరెంటు హీటర్లున్న ఇళ్లకైతే ఆలోచనే అక్కర్లేదు, వాటి సీఓపీ ఎప్పుడూ ఒకటే. మెయిన్‌లో అంతమంది మారడానికి కూడా కారణం ఇదే, అక్కడ చాలా ఇళ్లు హీటింగ్ ఆయిల్ మీద నడుస్తాయి. చవక గ్యాస్ ఉన్న మనలాంటి వాళ్లకి, బిల్లు సగమవుతుందని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించమని అడగండి.

ఇక సైజు. మా బేస్‌మెంట్‌లో ఫర్నేస్ మీద 80,000 బీటీయూ అని రాసి ఉంది. దాన్ని చూసి ఒక కంపెనీ అతను అటకైనా ఎక్కి చూడకుండా నాలుగు టన్నుల మెషీన్‌కి కొటేషన్ రాసేశాడు. నేను జనవరి గ్యాస్ బిల్లు తీశాను. 165 థెర్మ్‌లు. జులై బిల్లు 15, అది వంటకీ స్నానాల నీళ్లకీ. మిగిలిన 150లో 80 శాతం అంటే 120 థెర్మ్‌లు, కోటీ ఇరవై లక్షల బీటీయూలు. నెలలో 744 గంటలు, కాబట్టి గంటకి సగటున 16,000. మా ఊళ్లో జనవరి సగటు 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనుషులు, పొయ్యి, ఎండ ఇచ్చే వేడి పోను 65 నుంచి లెక్క మొదలుపెడతారు. తేడా 49 డిగ్రీలు, డిగ్రీకి సుమారు 329 బీటీయూలు. మైనస్ 11కి పడిపోయిన రాత్రి తేడా 76, అంటే గంటకి 25,000. ఎనభై వేల ఫర్నేస్ మాకు ఎప్పుడూ అక్కర్లేదన్నమాట! రెండున్నర టన్నుల చలి ప్రాంతపు మోడల్ 5 డిగ్రీల దాకా మా ఇంటిని ఒంటిచేత్తో లాక్కొస్తుంది. రెండో కంపెనీ అమ్మాయి వచ్చి గదిగదికీ కిటికీలు కొలిచి మాన్యువల్ జె లెక్క చేసింది. ఆమెకీ దాదాపు ఇంతే వచ్చింది. టన్నుల మాటకి ముందు అటక మీద ఇన్సులేషన్ ఎంతుందో చూడమని కూడా ఆమే చెప్పింది. అదే ముందు చేయించాం, చవకలో పోయేది అదొక్కటే.

మేం చివరికి ఏసీ స్థానంలో హీట్ పంప్ పెట్టి, ఫర్నేస్‌ని అలాగే ఉంచుతున్నాం. బయట 30 డిగ్రీల వరకు హీట్ పంప్, అంతకంటే చలైతే గ్యాస్. 30 దగ్గర సీఓపీ మూడు అనుకుంటే, థెర్మ్‌తో సమానమైన వేడికి మాకు డాలర్ బదులు డాలర్ 17 సెంట్లవుతుంది. ఆ 17 సెంట్లు తెలిసే పెట్టుకుంటున్నాం. మా ఫర్నేస్‌కి ఇరవై రెండేళ్లు. పోయిన జనవరిలో ఇగ్నైటర్ పోయి, రెండు రోజులు నలుగురం ఒకే గదిలో చిన్న హీటర్ పెట్టుకుని పడుకున్నాం, పైపులు పగులుతాయేమోనని రాత్రంతా కుళాయిలు సన్నగా వదిలి ఉంచాం. ఇంట్లో రెండు దారులుండాలని మావారు అప్పుడే అన్నారు. కరెంటు పోతే మాత్రం రెండూ ఆగిపోతాయి, ఫర్నేస్ ఫ్యాన్‌కీ కరెంటే కావాలి. గ్యాస్ కనెక్షన్ పూర్తిగా తీసేస్తే నెలవారీ కనీస చార్జీ మిగిలేది, కానీ దోశ పెనం గ్యాస్ మంట మీదే ఉండాలని ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం.

డబ్బు విషయంలో ఒకటి. 2,000 డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. పాత కరపత్రం చూపించి ఆ మొత్తాన్ని కొటేషన్‌లో తగ్గించి చూపితే ఒప్పుకోకండి. కరెంటు కంపెనీ రిబేటు, కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లకి చలికాలంలో తక్కువ రేటు ఉన్నాయేమో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. రేటు 15 నుంచి 11 సెంట్లకి దిగితే నా 3.5 గీత 2.6కి దిగుతుంది, అప్పుడు నిర్ణయమే మారిపోవచ్చు.

కొటేషన్ చేతికి వచ్చాక 5 డిగ్రీల దగ్గర ఆ మోడల్ ఎన్ని బీటీయూలు ఇస్తుందో, సీఓపీ ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. 47 డిగ్రీల అంకె మనకి పనికిరాదు. బయటి యూనిట్‌ని మంచు పేరుకునే ఎత్తుకి పైన స్టాండు మీద పెట్టించండి. రాత్రి థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున్నే పెంచే అలవాటుంటే మానుకోవాలి, ఇది నెమ్మదిగా, ఆగకుండా నడిచే మెషీన్. గాలి కూడా ఫర్నేస్‌లా మొహానికి వేడిగా కొట్టదు, 95, 100 డిగ్రీల దగ్గరే వస్తుంది. మా అత్తగారు డిసెంబర్‌లో మళ్లీ వస్తున్నారు, వెంట్ దగ్గర కుర్చీ వేసుకుని కాళ్లు కాచుకోవడం ఆవిడకి అలవాటు. ఆ గదికి ఒక చిన్న హీటర్ విడిగా కొని ఉంచాను.