పుట్టికి ఎండకాలపు కప్పు

చలిదేశములలో శీతకాలము రాగానే సరస్సులు గడ్డకట్టును. అక్కడివారు పడవలను ఒడ్డునకు చేర్చి, మంచు పడకుండ కప్పి, వసంతము వరకు భద్రపరచుకొందురు. మన అనంతపురము జిల్లాలో పడవకు శత్రువు ఎండ. చెరువు ఇంకిపోయిన నాడు పడవ గట్టెక్కును. అట్టి పడవకు ఏటేటా మరల మరల వాడదగిన కప్పును ఎట్లు ఎంచుకొనవలెనో ఈ వ్యాసమున వివరింప దలచినాము.

మన పడవ పుట్టి. కన్నడ సోదరులు దీనినే హరిగోలు అందురు. వెదురుబద్దలతో పెద్ద గంపవలె అల్లి, పూర్వము వెలుపల తోలు తొడిగెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టను బిగించి తారు పూయుచున్నారు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, గంపలవంటి గుండ్రని తోలుపడవలలో పదిహేను, ఇరువది మంది నది దాటుటను గూర్చి వ్రాసినాడు. ఇరాకులో టైగ్రిస్ నదిపై తిరిగిన గుఫ్ఫా కూడ ఈ జాతి పడవయే.

పశ్చిమ కనుమల చాటున ఉన్నందున మన జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. బుక్కరాయసముద్రము, శింగనమల వంటి పెద్ద చెరువులకు సైతము కరవు తప్పలేదు. చెరువు నిండని ఏడు వచ్చినచో పుట్టి రెండు మూడు వేసవులు గట్టుపైననే ఉండవలసివచ్చును. తుదకు నీరు వచ్చిన నాడు పుట్టి చివికి ఉన్నచో, చేపలవారు అప్పు చేసి కొత్తది కొనవలెను. లేదా ఇతరులు వల వేయుచుండగా గట్టున నిలబడి చూడవలెను. కప్పు విలువ అప్పుడే తెలియును.

ఎండ పుట్టిని మూడు విధముల బాధించును. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్ పోగులను పెళుసుబార్చును. అవి చేతితో నలిపిన పొడియగును. వేడికి తారు మెత్తబడి జారును. వెదురు మితిమీరి ఎండి చీలును. ఇవి గాక నేలనుండి చెదలు, అకాలవర్షమున లోపల నిలిచిన చెమ్మ, ఆషాఢపు గాలి కలవు. కావున మంచి కప్పు నీడనియ్యవలెను, గాలి ఆడనియ్యవలెను, గాలికి ఎగిరిపోరాదు.

అందుబాటులోనున్న కప్పులు నాలుగు. మొదటిది బోదగడ్డి. ఖర్చు తక్కువ, చల్లదనము ఎక్కువ; కాని చెదలకు, ఎలుకలకు, నిప్పుకు లోకువ. రెండవది పలుచని నల్ల ప్లాస్టిక్ కాగితము. చౌకయే గాని వేడిని పీల్చుకొనును, తరచు ఒక వేసవికే చిరుగును. మూడవది మైనపు పూతగల నూలు కిత్తానుగుడ్డ. గాలి కొంత ఆడును, సూదిదారముతో బాగుచేసుకొనవచ్చును; అయితే బరువెక్కువ, తడిగా మడిచినచో కుళ్లును. నాలుగవది నేసిన ప్లాస్టిక్ టార్పాలిన్. తేలిక, కుళ్లదు, ఎండను తట్టుకొను మందు కలిపినదైననే పలు సంవత్సరములు నిలుచును. కొనునప్పుడు చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో అడుగవలెను. తెలుపు లేక వెండిరంగు ముఖము పైకి ఉండవలెను.

వెలను చూచి మోసపోరాదు. వేసవుల లెక్కన భాగింపవలెను. మూడు రెట్ల వెలగల పట్ట ఐదు వేసవులు నిలిచినచో, ఏటేటా కొను చౌకపట్టకంటె అదియే చవుక.

కొలత సులభము. ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతుగల పుట్టిని బోర్లించినచో పట్ట ఒక ప్రక్క రెండడుగులు ఎక్కి, మీద ఆరడుగులు నడచి, మరల రెండడుగులు దిగవలెను. మొత్తము పది. కట్టుటకు ఇరువైపుల ఒక్కొక్క అడుగు కలిపినచో పన్నెండడుగుల చదరము చాలును.

పుట్టిని కడిగి ఆరబెట్టి, రాళ్లపై బోర్లించి, పట్ట అంచు నేలకు జానెడు ఎత్తున ఉండునట్లు కట్టవలెను. ఆ సందున గాలి తిరుగును. పట్ట తారుకు అంటకుండ నడుమ కొన్ని కఱ్ఱలు అడ్డముగా పరచవలెను. అంచులకు కన్నములు పొడిచి కట్టినచో చినుగును. లోహపు వలయములున్న పట్టను ఎంచుకొనుట మేలు. నెలకొకసారి విప్పి చెదలు చూడవలెను. చిన్న చిరుగును ఆనాడే కుట్టవలెను.

మరియొక ప్రయోజనము కలదు. వానలు కురిసి చెరువు నిండిన తరువాత పుట్టికి కప్పు అక్కరలేదు. సరిగా ఆ కాలముననే, అక్టోబరు, నవంబరు నెలలలో, పెరికిన వేరుసెనగ కళ్లములో ఉండును. తుపానువాన భయమును ఉండును. కడిగి ఆరిన ఆ పట్టయే అప్పుడు వామిని కాపాడగలదు. అయితే వాన వెలియగానే తీయవలెను. చెమ్మ నిలిచినచో కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. ఈ విధముగ ఒకే పట్ట వేసవిలో వలకు, కార్తెలో నాగలికి తోడగును.

మన కళాశాల విద్యార్థులలో చేపలవారి బిడ్డలు, రైతుబిడ్డలు పెక్కురు కలరు. సెలవులకు ఇండ్లకు పోవునప్పుడు గట్టుమీది పుట్టిని ఒకమారు తట్టి చూడవలసినదిగా మా మనవి. చెరువు ఎప్పుడు నిండునో మన చేతిలో లేదు. నిండిన నాటికి పుట్టి సిద్ధముగా ఉండుట మాత్రము మన చేతిలోనిదే.