కాలు మడతపడినప్పుడు, నొప్పి లేనప్పుడు



మెట్టు దిగుతూ కాలు మడతపడి చీలమండ వాచినవారు చాలామంది ముందు ఇంటి దగ్గర నూనె రాసి గట్టిగా పిసికించుకుంటారు. వాపు ఇంకా పెరిగాక ఆసుపత్రికి వస్తారు. ఎందుకు పిసకకూడదో తెలియాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి.

ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి. రెండు పాదాలవి కలిపితే 52. పెద్దవారి శరీరంలో మొత్తం ఎముకలు 206 కాబట్టి నాలుగో వంతు పాదాల్లోనే ఉన్నాయన్నమాట! మడమ ఎముక మీద టాలస్ అనే ఎముక ఉంటుంది. మోకాలి కింది రెండు ఎముకల చివరలు దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి. చీలమండకు అటూ ఇటూ చేతికి తగిలే గుబ్బలు అవే.

మంచం మీద కూర్చుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించి చూడండి. అది చీలమండ కీలు చేసే పని. అరికాలును లోపలికీ బయటికీ తిప్పితే, అది ముఖ్యంగా టాలస్ కింద ఉన్న కీలు చేసే పని. పొలంగట్టు మీద, గతుకుల దారిలో పాదం నేలకు తగ్గట్టు ఒరిగేది దీనివల్లే.

ఇప్పుడు గుబ్బలను తడిమి చూడండి. బయటి గుబ్బ లోపలిదానికన్నా కిందికి ఉంటుంది. లోపలి వైపు ఎముకలను కట్టి ఉంచే లిగమెంటు మందంగా, బలంగా ఉంటుంది. బయటి వైపువి మూడు సన్నని పట్టీలు. అందుకే పాదం ఎక్కువగా లోపలికే మడతపడుతుంది, బయటి పట్టీ చిరుగుతుంది. చిరిగినదాన్ని పిసికితే ఇంకా చిరుగుతుంది గాని అతుక్కోదు. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. గుబ్బ ఎముక మీద నొక్కితే బాగా నొప్పి ఉన్నా, 4 అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి.

పైన చెప్పినదంతా నొప్పి తెలిసేవారి సంగతి. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో కొందరికి పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. కాలు మడతపడినా, లోపల చిన్న ఎముక చిట్లినా వారికి అంతగా తెలియదు. మామూలుగానే నడుస్తారు. నడిచినకొద్దీ ఎముకలు విరిగి, కీళ్ళు జారి, అరికాలి వంపు కుంగిపోతుంది. దీన్ని షార్కో పాదం అంటారు. మొదట్లో ఒక పాదం ఎర్రగా వాచి, రెండోదానికన్నా వేడిగా ఉంటుంది. నొప్పి అసలు ఉండకపోవచ్చు, లేదా కొంచెమే ఉండవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. "నొప్పి లేదు కదా సిస్టర్" అని ఇంటికి వెళ్ళిపోవాలని చూసేవారిని నేను ఎన్నోసార్లు ఆపి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఈ దశలో పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు వేసి కొన్ని నెలలు ఉంచితే పాదం ఆకారం నిలబడుతుంది. ఆలస్యమైతే వంకరపోయిన ఎముక దగ్గర పుండు పడుతుంది. అది ముదిరితే కాలు తీసేయవలసి రావచ్చు.

షుగరు ఉన్నవారు వాపుకు వేడినీళ్ళ కాపడం పెట్టకండి. చర్మం కాలినా మీకు తెలియదు. ఐసు కూడా అడగకుండా పెట్టవద్దు. ఎండాకాలంలో ఆరాధనకు వచ్చి చెప్పులు బయట విడిచి, కాలే బండల మీద నడిచి బొబ్బలతో సోమవారం డ్రెస్సింగుకు వచ్చేవారు ఉన్నారు. చెప్పులు గుమ్మం దాకా వేసుకురండి, ఎవరూ ఏమీ అనరు.

రాత్రి పడుకునేముందు రెండు పాదాల మీదా అరచేయి వెనుక భాగం ఆనించి చూడండి. చూపు ఆనకపోతే కోడలినో మనవడినో చూడమనండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే మర్నాడు ఉదయమే ఆసుపత్రికి రండి. వీలైనంతవరకు నడవకుండా ఆటోలో రండి.