గ్నూ పార్టెడ్ డాక్యుమెంటేషన్

గ్నూ పార్టెడ్ అనేది హార్డ్ డిస్కును విభాగాలుగా, అనగా పార్టిషన్లుగా, విడదీయడానికి ఉపయోగించే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇది కమాండ్ లైనులో, అనగా ఆదేశాలను టైపు చేసే పద్ధతిలో, పనిచేస్తుంది. దీనిని మొదట ఆండ్రూ క్లాసెన్ మరియు లెన్నర్ట్ బైటెన్‌హెక్ రచించారు. సీ భాషలో వ్రాయబడిన ఈ సాఫ్టువేరు గ్నూ జీపీఎల్ మూడవ వెర్షను లైసెన్సుతో లభిస్తుంది. దీని అసలు పని అంతా లిబ్‌పార్టెడ్ అనే లైబ్రరీ చేస్తుంది. బొమ్మల తెరతో పనిచేసే జీపార్టెడ్ కూడా ఇదే లైబ్రరీపై ఆధారపడుతుంది.

డిస్కు విభజనలో ఒక్క అంకె తప్పినా డిస్కులోని సమాచారమంతా అందకుండా పోవచ్చు. అందువలన ఇటువంటి సాఫ్టువేరుకు డాక్యుమెంటేషన్, అనగా వాడుక విధానాన్ని తెలిపే పత్రాలు, అత్యంత ముఖ్యమైనవి. పార్టెడ్ పత్రాల స్వరూపం, వాటిని చదివేవారికి సాధారణంగా కలిగే అపార్థాలు, మరియు వాటిని మెరుగుపరచే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

డిస్కులో ఏ విభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే చిన్న జాబితాను విభజన పట్టిక అంటారు. వీటిలో ముఖ్యమైనవి రెండు.

ఎంబీఆర్: ఇది పాత పద్ధతి. పార్టెడ్ దీనిని ఎంఎస్‌డాస్ అనే పేరుతో పిలుస్తుంది. డిస్కులోని మొదటి 512 బైట్ల సెక్టారులోనే ఈ పట్టిక ఉంటుంది. ఇందులో ఒక్కొక్కటి 16 బైట్లు గల 4 పద్దులకు మాత్రమే చోటు కలదు. సెక్టారు సంఖ్యకు 32 బిట్లే కేటాయించినందున, 512 బైట్ల సెక్టార్లు గల డిస్కులో సుమారు 2.2 టెరాబైట్లకు మించిన భాగాన్ని ఇది గుర్తించలేదు.

జీపీటీ: ఇది యూఈఎఫ్ఐ ప్రమాణంలో భాగం. సాధారణంగా 128 పద్దులకు చోటు ఉంటుంది. పట్టిక యొక్క రెండవ ప్రతి డిస్కు చివర భద్రపరచబడుతుంది. ప్రతి విభాగానికి ఒక పేరు పెట్టవచ్చు.

పత్రాల రూపాలు

పార్టెడ్ గురించిన సమాచారం మూడు చోట్ల లభిస్తుంది. మొదటిది మ్యాన్ పేజీ. ఇది క్లుప్తమైనది. రెండవది టెక్సిన్ఫో రూపంలో వ్రాయబడిన పూర్తి మాన్యువల్. మూడవది సాఫ్టువేరులోనే ఉండే హెల్ప్ ఆదేశం. వీటి మూల ప్రతులు వేరువేరు ఫైళ్ళలో ఉన్నవి. ఒక చోట సరిదిద్దినది మిగిలిన రెండు చోట్లకు దానంతట అదే చేరదు. అందువలన ఒక ఆదేశపు వివరణను మార్చేవారు మూడింటినీ సరిచూడవలసి ఉంటుంది.

సాధారణంగా కలిగే అపార్థాలు

మార్పులు వెంటనే అమలగుట

లినక్సులోని ఎఫ్‌డిస్క్ సాఫ్టువేరు మార్పులను ముందుగా జ్ఞాపకంలో ఉంచుకొని, వాడుకరి వ్రాయమని ఆదేశించినప్పుడే డిస్కుపై వ్రాస్తుంది. మధ్యలో బయటకు వచ్చినచో ఏ మార్పూ జరగదు. పార్టెడ్ అలా కాదు. ఆదేశం ఇచ్చిన వెంటనే పట్టికను మార్చివేస్తుంది. క్విట్ అనే ఆదేశంతో బయటకు వచ్చినా జరిగినది రద్దు కాదు. ఎఫ్‌డిస్క్‌కు అలవాటుపడినవారు ఈ తేడా తెలియక నష్టపోయే అవకాశం ఎక్కువ.

మరొక విషయం, డిస్కు పేరు చెప్పకుండా పార్టెడ్‌ను ప్రారంభిస్తే అది తనకు కనబడిన మొదటి డిస్కును ఎంచుకుంటుంది. చాలా కంప్యూటర్లలో అది నిర్వాహక వ్యవస్థ ఉన్న డిస్కే కావచ్చు.

ఎమ్‌కెపార్ట్ ఆదేశం

ఇది కొత్త విభాగాన్ని సృష్టించే ఆదేశం. ఎంబీఆర్ పట్టికలో దీని తరువాత ప్రైమరీ, ఎక్స్‌టెండెడ్, లాజికల్ అనే రకాలలో ఒకటి చెప్పవలెను. జీపీటీ పట్టికలో ఇటువంటి రకాలు లేవు. అక్కడ అదే స్థానంలో విభాగం పేరు చెప్పవలెను. పాత ఉదాహరణను చూసి జీపీటీ డిస్కులో ప్రైమరీ అని వ్రాసినవారికి, ప్రైమరీ అనే పేరు గల విభాగం తయారవుతుంది. దీనివలన నష్టం లేకపోయినా, ప్రతి విభాగానికీ అదే పేరు ఉన్నప్పుడు ఏది ఏదో గుర్తించడం కష్టమగును.

ఇదే ఆదేశంలో ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్ పేరు కూడా చెప్పవచ్చు. అయితే పార్టెడ్ ఆ ఫైల్ సిస్టమ్‌ను తయారుచేయదు. పట్టికలో ఆ విభాగానికి తగిన గుర్తును మాత్రమే వ్రాస్తుంది. ఫైల్ సిస్టమ్‌ను తరువాత వేరొక సాఫ్టువేరుతో తయారుచేసుకోవలెను.

కొలతలు

పార్టెడ్‌లో మెగాబైటు అనగా 10,00,000 బైట్లు. మెబీబైటు అనగా 10,48,576 బైట్లు. పరిమాణం పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. టెరాబైటుకు, టెబీబైటుకు మధ్య దాదాపు 10 శాతం తేడా కలదు. కొలత చెప్పకుండా అంకె మాత్రమే వ్రాస్తే పార్టెడ్ దానిని మెగాబైట్లుగా భావిస్తుంది. గిగాబైట్లలో చెప్పిన స్థానాన్ని ఉజ్జాయింపుగా తీసుకొని, అటూ ఇటూ 500 మెగాబైట్ల లోపు అనువైన చోటును ఎంచుకోవచ్చు. ఖచ్చితమైన స్థానం కావలసినవారు సెక్టార్లలో గానీ మెబీబైట్లలో గానీ చెప్పవలెను.

ప్రారంభ స్థానం కూడా ముఖ్యమే. పాత సాఫ్టువేర్లు మొదటి విభాగాన్ని 63వ సెక్టారు వద్ద మొదలుపెట్టేవి. ఇది 32,256 బైట్ల స్థానం. 4,096 బైట్ల భౌతిక సెక్టార్లు గల డిస్కులలో ఇది సెక్టారు హద్దుపై పడదు. ఫలితంగా వ్రాత నెమ్మదిస్తుంది. 2,048వ సెక్టారు, అనగా సరిగ్గా 1 మెబీబైటు వద్ద మొదలుపెడితే ఈ ఇబ్బంది ఉండదు.

పరిమాణం మార్చుట

2014లో విడుదలైన 3.2 వెర్షనులో రీసైజ్‌పార్ట్ ఆదేశం చేర్చబడినది. ఇది విభాగం చివరి హద్దును మాత్రమే జరుపుతుంది, లోపలి ఫైల్ సిస్టమ్‌ను తాకదు. అందువలన వరుస క్రమం చాలా ముఖ్యం. పెంచేటప్పుడు ముందు విభాగాన్ని, తరువాత ఫైల్ సిస్టమ్‌ను పెంచవలెను. తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్‌ను, తరువాత విభాగాన్ని తగ్గించవలెను. ఈ క్రమం తారుమారైతే ఫైల్ సిస్టమ్ చివరి భాగం హద్దు బయట పడిపోతుంది.

తొలగించబడిన ఆదేశాలు

పార్టెడ్ పాత వెర్షన్లు ఫైల్ సిస్టమ్‌లను తయారుచేయడం, జరపడం, పరిమాణం మార్చడం వంటి పనులు కూడా చేసేవి. 2011లో వచ్చిన 3.0 వెర్షనులో ఈ ఆదేశాలు తొలగించబడినవి. అంతకు ముందు వ్రాసిన పుస్తకాలు, పాఠాలు చదివి ఆ ఆదేశాలను ప్రయత్నించేవారికి అవి పనిచేయవు. కావున ప్రతి వివరణలో అది ఏ వెర్షనుకు వర్తిస్తుందో పేర్కొనడం అవసరం.

మెరుగుపరచే పద్ధతులు

ఇటువంటి సాఫ్టువేరు పత్రాలను వ్రాసేటప్పుడు లేదా సవరించేటప్పుడు ఈ క్రింది విషయాలు ఉపయోగపడతాయి.

1. హెచ్చరికను ఆదేశానికి ముందు వ్రాయవలెను. చదువరి తరచుగా ఉదాహరణను చూసిన వెంటనే టైపు చేస్తాడు. క్రింద ఉన్న హెచ్చరికను చేరేసరికి పని జరిగిపోయి ఉంటుంది.

2. ప్రతి ఉదాహరణలో ఏ రకపు పట్టికపై అది పనిచేస్తుందో చెప్పవలెను. ఎంబీఆర్, జీపీటీ ఉదాహరణలను విడివిడిగా ఇవ్వవలెను.

3. ఉదాహరణలలో డిస్కు పేరుగా మొదటి డిస్కు పేరును వాడరాదు. చదువరి దానిని యథాతథంగా నకలు చేస్తే తన నిర్వాహక వ్యవస్థనే పోగొట్టుకొనవచ్చు.

4. ఆదేశం ఏమి చేస్తుందో చెప్పినట్లే, ఏమి చేయదో కూడా చెప్పవలెను. ఎమ్‌కెపార్ట్ మరియు రీసైజ్‌పార్ట్ విషయంలో ఇది ముఖ్యం.

5. స్క్రిప్టు పద్ధతిలో పార్టెడ్ ఎటువంటి ప్రశ్నలూ అడగదని స్పష్టం చేయవలెను. మామూలుగా ఎమ్‌కెలేబుల్ ఆదేశం పాత పట్టికను చెరిపే ముందు అనుమతి అడుగుతుంది. స్క్రిప్టు పద్ధతిలో అడగకుండానే చెరిపివేస్తుంది.

ఉదాహరణలను పరీక్షించుట

పార్టెడ్ నిజమైన డిస్కుపైనే కాక మామూలు ఫైలుపై కూడా పనిచేయగలదు. కొన్ని వందల మెగాబైట్ల ఖాళీ ఫైలును సృష్టించి, దానినే డిస్కుగా చూపించి ప్రతి ఉదాహరణనూ పరీక్షించవచ్చు. ఇందుకు నిర్వాహకుని అధికారాలు అవసరం లేదు. ఏ డిస్కుకూ హాని కలగదు. క్రొత్తగా నేర్చుకునేవారికి కూడా ఇదే మేలైన మార్గం. పార్టెడ్ మూల ప్రతులు గ్నూ సవన్నాలో గిట్ పద్ధతిలో అందుబాటులో ఉన్నందున, పత్రాలలోని దోషాన్ని ఎవరైనా సరిదిద్ది ప్యాచ్ రూపంలో పంపవచ్చు.

పొరపాటు జరిగినప్పుడు

ఒక విభాగాన్ని ఆర్ఎమ్ ఆదేశంతో తొలగించినప్పుడు పట్టికలోని పద్దు మాత్రమే చెరుగుతుంది. లోపలి సమాచారం వెంటనే చెరిగిపోదు. పార్టెడ్‌లోని రెస్క్యూ ఆదేశానికి పోయిన విభాగం సుమారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో చెబితే, ఆ ప్రాంతంలో ఫైల్ సిస్టమ్ ఆనవాళ్ళను వెదకి, దొరికినచో తిరిగి పట్టికలో చేర్చమంటారా అని అడుగుతుంది. అయితే అప్పటివరకు ఆ డిస్కుపై క్రొత్తగా ఏమీ వ్రాయకుండా ఉండవలెను.

మార్పులు చేయడానికి ముందే పట్టికను సెక్టార్లలో ప్రింట్ ఆదేశంతో చూసి, ఆ అంకెలను కాగితంపై గానీ వేరొక కంప్యూటరులో గానీ వ్రాసి ఉంచుకొనడం మంచిది. తరువాత పొరపాటు జరిగినా ఆ అంకెల సాయంతో విభాగాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. ఇవేవీ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కావు. ముఖ్యమైన సమాచారానికి వేరొక చోట నకలు ఉంచుకొన్న తరువాతనే విభజన పట్టికను మార్చవలెను.

ఇవి కూడా చూడండి

హార్డ్ డిస్కు
లినక్సు
గ్నూ ప్రాజెక్టు
ఫైల్ సిస్టమ్