బాణీల వెనుక గొంతు: కరోల్ కింగ్ తొలి ఆల్బమ్

అమెరికన్ స్వరకర్త కరోల్ కింగ్ గాయనిగా తన పేరు మీద తొలి సోలో ఆల్బమ్‌ను 1970లో విడుదల చేశారు. దాని పేరు ‘రైటర్’. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. దాదాపు పదేళ్లుగా ఆమె కట్టిన బాణీలు ఇతరుల గొంతుల్లో అమెరికా అంతటా మోగుతున్నాయి. అయినా ఆమె గొంతును ఎరిగిన శ్రోతలు చాలా తక్కువ.

కరోల్ కింగ్ 1942లో న్యూయార్క్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగారు. క్వీన్స్ కాలేజీలో గెర్రీ గాఫిన్ పరిచయమయ్యారు. 1959లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆయన మాటలు రాస్తే ఆమె బాణీ కట్టేవారు. ఆల్ నెవిన్స్, డాన్ కిర్ష్‌నర్ నడిపిన ఆల్డన్ మ్యూజిక్ సంస్థలో వారికి ఉద్యోగం దొరికింది. అక్కడ ఇరుకు గదుల్లో ఒక్కో పియానో ముందు ఒక్కో జంట కూర్చుని, ఏ గాయకులకు పాట కావాలంటే వారికి తగ్గట్టు తయారు చేసేది. షిరెల్స్ బృందం పాడిన ‘విల్ యూ లవ్ మీ టుమారో’ 1961 ఆరంభంలో అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడు లిటిల్ ఈవా పాడిన ‘ది లోకో-మోషన్’ కూడా ఆ స్థానం అందుకుంది. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ పాడిన ‘ఎ నేచురల్ వుమన్’ బాణీ కూడా కరోల్‌దే.

ఈ వృత్తిలో పాట కట్టగానే పని పూర్తి కాదు. దాన్ని నిర్మాతలకు, గాయకులకు వినిపించడానికి డెమో రికార్డు చేయాలి. తెలుగు సినిమాల్లో ప్రధాన గాయకులు వచ్చేలోగా మరొకరు పాడి ఉంచే ట్రాక్‌తో దీన్ని పోల్చవచ్చు. కరోల్ తన డెమోలకు తానే పియానో వాయించి, తానే పాడేవారు. బాబీ వీ కోసం అలా చేసిన ఒక డెమో 1962లో ఆమె పేరుతోనే సింగిల్‌గా వచ్చి, బ్రిటన్‌లో 3వ స్థానానికి, అమెరికాలో 22వ స్థానానికి చేరింది. అయినా ఆమె మళ్లీ బాణీల పనికే వెళ్లిపోయారు.

ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి బీటిల్స్, బాబ్ డిలాన్ వంటివారు తమ పాటలు తామే రాసుకుని పాడసాగారు. ఇతరుల కోసం పాటలు కట్టేవారికి గిరాకీ తగ్గింది. 1968లో గాఫిన్‌తో విడాకులయ్యాయి. ఇద్దరు కూతుళ్లతో లాస్ ఏంజెలస్ చేరిన కరోల్, డానీ కోర్చ్‌మార్, చార్లెస్ లార్కీలతో కలిసి ‘ది సిటీ’ అనే బృందం పెట్టి ఒక ఆల్బమ్ చేశారు. వేదిక ఎక్కాలంటే ఆమెకు భయం. కచేరీల ప్రచారం లేక ఆ ఆల్బమ్ అమ్ముడుపోలేదు.

‘రైటర్’ ఓడ్ రికార్డ్స్ ద్వారా వచ్చింది. నిర్మాత జాన్ ఫిష్‌బాక్. పన్నెండు పాటలకూ బాణీ కరోల్‌దే. మాటలు మాత్రం ఎక్కువగా గాఫిన్‌వి, మిగిలినవి టోనీ స్టెర్న్‌వి. చివరి పాట ‘అప్ ఆన్ ద రూఫ్’. 1962లో డ్రిఫ్టర్స్ దీన్ని వయొలిన్ల హంగుతో, హుషారైన నడకలో పాడారు. కరోల్ అదే పాట వేగం తగ్గించి, పియానో ఆసరాతో పాడారు. దాంతో ఊరి రద్దీ నుంచి మేడ మీదికి వెళ్లి ఊపిరి పీల్చుకునే మనిషి అలసట మాటల్లోంచి పైకి తేలింది. అయితే ఇంతటి ఆత్మీయత ఆల్బమ్ అంతటా లేదు. చాలా పాటల్లో డ్రమ్స్, ఆర్గన్, గిటార్ల జోరులో గొంతు వెనక్కి పోయింది. విడుదలైనప్పుడు దాన్ని కొన్నవారు కొద్దిమందే.

‘రైటర్’లో గిటార్ వాయించిన జేమ్స్ టేలర్, కరోల్‌ను తన కచేరీలకు పియానో వాయించడానికి తీసుకెళ్లేవారు. ఆమె చదివిన క్వీన్స్ కాలేజీలోనే ఒక కచేరీలో ‘అప్ ఆన్ ద రూఫ్’ ఆమే పాడాలని పట్టుబట్టారు. తన పాటతో జనం ముందు నిలబడగలనన్న ధైర్యం ఆమెకు అక్కడ వచ్చింది.

1971 జనవరిలో రెండో ఆల్బమ్ ‘టాపెస్ట్రీ’ రికార్డింగ్ జరిగింది. ఆమె డెమోల్లోని సహజత్వమే శ్రోతకు చేరాలని నిర్మాత లూ ఆడ్లర్ కోరుకున్నారు. పియానో, గొంతు ముందుకొచ్చాయి, మిగతా వాద్యాలు ఒదిగి ఉన్నాయి. పన్నెండింటిలో ఏడు పాటలకు మాటలూ కరోల్ ఒక్కరివే. ‘విల్ యూ లవ్ మీ టుమారో’ను ఆమె ఇక్కడ బాగా నెమ్మదిగా పాడారు. షిరెల్స్ గొంతుల్లో పడుచుపిల్ల బెరుకుగా వినిపించిన ప్రశ్న, కాపురం చేసి విడిపోయిన స్త్రీ గొంతులో బరువెక్కింది.

‘టాపెస్ట్రీ’ అమెరికాలో 15 వారాలు మొదటి స్థానంలో నిలిచి, నాలుగు గ్రామీ అవార్డులు తెచ్చింది. ఆ వెలుగులోనే జనం ‘రైటర్’ను వెతికి కొన్నారు. అప్పుడది 84వ స్థానానికి చేరింది. తొలి ఆల్బమ్‌ను విఫలయత్నంగా కొట్టిపారేయడం అన్యాయం. పరాయి గొంతులకు కొలిచి కుట్టిన పాటలను తన గొంతుకు సరిచేసుకునే పని అక్కడే మొదలైంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1990లో గాఫిన్‌తో పాటు ఆమెను పాటల రూపకర్తగా, 2021లో గాయనిగా చేర్చుకుంది.