పిల్లలడిగితే ఏం చెబుదాం?

సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు మా సంఘంలోని ఆదివారపు బడి పిల్లలకు హైదరాబాద్ చూపిద్దామని బయల్దేరాం. చందనవెల్లి, షాబాద్ వైపు ఊళ్ల పిల్లలు వాళ్లు. ఊరి పక్కనే పెద్ద పరిశ్రమల పార్కు వెలిసింది, డేటా సెంటర్లు లేచాయి. ఒకప్పుడు తాతలు నాగలి దున్నిన చేను ఇప్పుడు ఏ ప్రహరీగోడ లోపల ఉందో కూడా ఆ పిల్లలకు తెలియదు. చార్మినార్ మాత్రం ఫొటోల్లో చూశారు. అందుకే వ్యాను ఎక్కింది మొదలు ‘చార్మినార్ ఎప్పుడొస్తది అయ్యగారూ’ అన్నదే పాట.

చేవెళ్ల దాటాక దారికి రెండువైపులా ఊడలు దించుకున్న మర్రిచెట్లు కనిపించగానే ‘గీ చెట్లు ఎవరు పెట్టిండ్రు?’ అని ఒక చిన్నవాడు అడిగాడు. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటించారని పెద్దలు చెబుతారని అన్నాం. మీర్జాగూడ దగ్గరికి వచ్చేసరికి వ్యానులోని పెద్దవాళ్లంతా మౌనమయ్యారు. 2025 నవంబరులో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని, ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయింది అక్కడే! ఈ దారి వెడల్పు కావాల్సిందే, ప్రాణాలు నిలవాల్సిందే. అయితే పరులకోసం మొక్క నాటిన చేతుల్నీ మరచిపోకూడదు కదా! ఈ రెండింటినీ కలిపి ఆలోచించే జ్ఞానాన్ని మన పాలకులకు దేవుడివ్వాలని అక్కడే ప్రార్థన చేసుకున్నాం.

మొదట ఆగింది గండిపేట కట్ట మీద. ఉస్మాన్‌సాగర్ అసలు పేరు. నీళ్లు చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. అది షికారు కోసం కట్టిన చెరువు కాదని చెబితే ఆశ్చర్యపోయారు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్ మీద విరుచుకుపడింది. దాదాపు 15 వేలమంది చనిపోయి ఉంటారని అంచనా. ఎగువన వందలాది చెరువులు తెగి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా నగరం మీదికి వచ్చాయి. అప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మాణమయ్యాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ పరిసరాల్లో కురిసిన వాన వాగులై వంకలై వచ్చి చేరేది ఈ జంట జలాశయాల్లోకే. అంటే మన ఎగువ ఊళ్ల వాళ్లం వాగును ఎలా చూసుకుంటే దిగువన ఉన్న నగరం అలా బతుకుతుందన్నమాట!

అక్కణ్నుంచి ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లాం. ‘దవాఖానలో చూసేదేముంది?’ అన్నారు పిల్లలు. ఆవరణలో ఉన్న ముసలి చింతచెట్టును చూపించాం. ఆ వరదలో దాదాపు 150 మంది ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి చెట్టు మొదలును తాకి వచ్చారు. టికెట్టు లేని, బోర్డు చూసి ఎవరూ ఆగని ఈ చెట్టే ఆ రోజు వాళ్ల మనసుల్లో అన్నిటికన్నా ఎక్కువగా నిలిచిందని తర్వాత తెలిసింది.

ఆ చెట్టు చెప్పే సంగతిని నగరం మరచిపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరు చివర్లో చూశాం. జంట జలాశయాల గేట్లు ఎత్తగానే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. పండగకు ఊళ్లకు బయల్దేరిన ప్రయాణికులు రాత్రిపూట అక్కడ చిక్కుకుపోయారు. సరిగ్గా 1908 వరద వచ్చిన రోజులే అవి! నదికి తన దారి గుర్తుంటుంది. మరచిపోయి దానికి అడ్డంగా కట్టుకునేది మనమే.

చివరికి చార్మినార్ చేరాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ప్లేగు మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా కట్టించాడని తరతరాలుగా చెప్పుకుంటారు, చరిత్రకారుల్లో వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. ఏదేమైనా ఆ ఊరి ప్రజలు ఇన్ని వందల ఏళ్లుగా తమ నగరం గుర్తును ఒక విపత్తు నుంచి తప్పించుకున్న జ్ఞాపకంతో ముడిపెట్టుకోవడం ఎంత లోతైన విషయం! మన మెదక్ చర్చి మాత్రం? రంగు అద్దాల కిటికీలు చూడ్డానికి లక్షలమంది వెళ్తారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువు రోజుల్లో, ఆకలితో ఉన్న ప్రజలకు పని కల్పించి అన్నం పెట్టడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర మొదలుపెట్టిన కట్టడం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ గోడల్లోని ఒక్కొక్క రాయి వెనుక ఒక కుటుంబం తిన్న పిడికెడు మెతుకులున్నాయి.

ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటినప్పుడు, నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలపమని దేవుడు ఆజ్ఞాపించాడు (యెహోషువ 4వ అధ్యాయం). ఎందుకని? రేపు పిల్లలు ఆ రాళ్ల సంగతి అడుగుతారు, అప్పుడు తండ్రులు జవాబు చెప్పాలి. రాయి తనంతట తాను మాట్లాడదు. పిల్లవాడి ప్రశ్న, పెద్దవాడి జవాబు కలిస్తేనే అది స్మారకమవుతుంది, లేకపోతే దారికి అడ్డమైన బండే! అబ్షాలోము కూడా ఒక స్తంభం నిలబెట్టుకున్నాడు (2 సమూయేలు 18:18). అయితే అది దేవుని మేలును తలచుకోవడానికి కాదు, తన పేరు నిలవడానికి!

తిరుగు ప్రయాణంలో ఇదంతా పిల్లలకు ఉత్సాహంగా చెబుతుంటే, వెనక సీటులోంచి ఒక అమ్మాయి అడిగింది. ‘మరి మన చర్చి ఎవరు కట్టిండ్రు అయ్యగారూ?’

మా నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇదే సంఘంలో మేం పనిచేసినప్పుడు, రాళ్లూ మట్టీతో కట్టిన పాత మందిరాన్ని పడగొట్టించి స్లాబు మందిరం కట్టించాం. చోటు చాలక కట్టడం అవసరమే. కానీ పాత పునాదిరాయి ఏమైందని ఆనాడు మేం అడగలేదు. అది కొత్త బేస్‌మెంటు నింపుడులో కలిసిపోయిందని పని ముగిశాక తెలిసింది, అయినా బాధపడలేదు. కొత్త గోడకు నల్లరాతి ఫలకం పెట్టించాం. అందులో ప్రతిష్ఠించిన పెద్దల పేర్లున్నాయి, మా పేరూ ఉంది. రాళ్లు మోసిన ఒక్కరి పేరూ లేదు. బదిలీల మీద ఊళ్లన్నీ తిరిగి మళ్లీ ఇదే సంఘానికి వచ్చి, వారం వారం ఆ ఫలకం పక్కనుంచే లోపలికి వెళ్తున్నాం. అబ్షాలోము గురించి పిల్లలకు చెప్పిన గంటలోపే దేవుడు ఆ అమ్మాయి నోట మమ్మల్నే అడిగాడు!

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని సంఘంలో అందరికన్నా పెద్దదైన అవ్వ దగ్గరికి వెళ్లాం. ‘మా నాయిన, మా పెదనాయిన గుట్టకెళ్లి రాళ్లు మోసిండ్రు బిడ్డా! పొద్దంతా పటేలు చేన్ల పని, రాత్రి ఎన్నెల్ల గోడ పని. కూలి ఎవలడిగిండ్రు? ఇన్ని అంబలి నీళ్లు తాగి మళ్ల మోసిండ్రు’ అంటూ వేళ్లు మడిచి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు నోటుబుక్కులో రాసుకున్నారు. పదకొండు పేర్లయ్యాయి. ‘ఇంకొకాయన ఉండె, పేరు యాదికొస్తలేదు’ అని అవ్వ కళ్లు తుడుచుకుంది. ఐదేళ్ల ముందు అడిగి ఉంటే ఆ పేరూ దొరికేదేమో!

ఆ పదకొండు పేర్లతో, పేరు తెలియని ఆ పన్నెండో ఆయన కోసం ఒక ఖాళీ వరుసతో చిన్న ఫలకం చేయించాలని సంఘం తీర్మానించింది. దాన్ని మా పేరున్న ఫలకం ఉన్నచోటే పెడతారు, మా పేరున్నది తీసేయమని మేమే కోరాం.

ఈ సెలవుల్లో మీరూ పిల్లల్ని చార్మినార్ తీసుకెళ్లండి, గండిపేట చూపించండి. ఆ చింతచెట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. ఇంటికొచ్చాక మీ మందిరంలోని పెద్దవయసు వాళ్ల దగ్గర వాళ్లను కూర్చోబెట్టండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడిగించండి!